ఫ్రెంచి వాక్యాన్ని నెల్లూరు మీదుగా ఇంగ్లీషుకు తీసుకెళ్లడం: మూడో నెల లెక్క

ఫ్రెంచి వ్యాసాల్ని ఇంగ్లీషు చేసే పనిలో అనుకున్నవి 40 పేజీలు, అయినవి 18. మొదటి నెలలో పేజీకి గంటన్నర పట్టేది, ఇప్పుడు యాభై నిమిషాల్లో చిత్తుప్రతి వస్తోంది. పెర్సె అనే ఫ్రెంచి సైట్‌లో పాత పరిశోధన పత్రికలు ఉచితంగా దొరుకుతాయి. అందులో దక్షిణాది గుళ్ల మీద వచ్చిన వ్యాసాలు తీసుకుని ఇంగ్లీషు చేస్తున్నా. పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా కూర్చుంటాను. ఆ తర్వాత పాలవాడు, స్కూల్ బస్సు, ఇక ఏదీ సాగదు.

పద్ధతి ఇది. ఒక పొడుగాటి చిట్టా పుస్తకంలో మూడు వరసలు గీశాను. మొదటిది ఫ్రెంచి, మూడోది ఇంగ్లీషు. మధ్య వరస తెలుగుకు. పుస్తక తెలుగు కాదు, ఇంట్లో మాట్లాడే మా నెల్లూరు తెలుగు. వాక్యం చదివి, కాగితం బోర్లించి, ఇదే సంగతి మా బావకు చెప్పాలంటే ఎలా చెబుతానో అలా రాస్తాను. ఫ్రెంచి మళ్లీ చూడకుండా ఆ తెలుగును ఇంగ్లీషు చేస్తాను. చివర్లో మాత్రమే అసలుతో సరిచూస్తాను.

ఈ మధ్య వరస ఎందుకు వచ్చిందో చెప్పాలి. రెండో నెలలో ఒక వాక్యంలో 'ఒరే ఎతే కోన్‌స్త్రువీ' అని వచ్చింది. మాటకు మాట పెట్టి, ఆ గుడి 15వ శతాబ్దంలో 'వుడ్ హ్యావ్ బీన్ బిల్ట్' అని రాసేశాను. నా ఇంగ్లీషు చూసిపెట్టేది మా ఇంటర్ మేడం, రిటైరై మూలాపేటలో ఉంటున్నారు. ఆమెకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు, నాకు కావాల్సిందీ అదే. ఆ లైను దగ్గర ఆగి, "ఏందయ్యా, కట్టి ఉండేవాళ్లా? ఏమడ్డమొచ్చి కట్టలేదు?" అన్నారు.

గుడి కట్టారు. ఫ్రెంచివాడు చెప్పింది, కట్టారని అంటున్నారు, నేనైతే పూచీ పడను అని. క్రియను ఆ రూపంలో పెడితే చాలు, దూరం జరిగినట్టే. మనకు దానికి ఒక్క అక్షరం సరిపోతుంది: కట్టారట. ఆ 'ట' మధ్య వరసలో పడగానే ఇంగ్లీషు దానంతటదే 'ఈజ్ సెడ్ టు హ్యావ్ బీన్ బిల్ట్' అయింది. ఇప్పుడు ఆ రూపం కనిపిస్తే ఆ వాక్యంలో 'సి' (ఒకవేళ అని చెప్పే మాట) ఉందా అని ముందు వెతుకుతా. ఉంటే చాలావరకు నిజంగానే 'అయితే గియితే' వ్యవహారం. లేకపోతే మన 'అట'. వాక్యం మొదట్లోనే ఫలానా ఆయన ప్రకారం అని ఉంటే 'ఈజ్ సెడ్' కూడా అక్కర్లేదు, 'అకార్డింగ్ టు' ఆ పని చేసేస్తుంది.

'ఫోర్స్ ఎ ద కోన్‌స్తాతె' కూడా ఇలాగే దారికొచ్చింది. తెలుగులో పెడితే 'ఒప్పుకోక తప్పదు'. మన సంపాదకీయాల్లో పేరాకొకసారి కనిపించే మాటే, బరువేమీ ఉండదని మనకు తెలుసు. మేడం 'క్లియర్లీ' చాలన్నారు. సగం చోట్ల అదీ కొట్టేశారు. మొదట్లో రచయిత సొమ్ము కాజేసినట్టు అనిపించేది.

తెలుగు ముంచిన చోట్లూ ఉన్నాయి. కృష్ణదేవరాయలు 1509లో గద్దెనెక్కాడని రాసి, ఆ వెంటనే ఉదయగిరిని 'గెలుచుకుంటాడు' అని భవిష్యత్తులో రాయడం ఫ్రెంచి చరిత్రకారులకు అలవాటు. మనం కూడా కథ చెప్పేటప్పుడు అలాగే అంటాం కాబట్టి నాకు తేడా తెలియలేదు, 'విల్ క్యాప్చర్' అని వదిలేశా. ఇంగ్లీషులో ఉత్త 'క్యాప్చర్డ్' చాలు. 'ఇది ఫలానా' అని చెప్పే 'ఇల్ సజీ ద' కూడా అంతే. మనకు కర్త లేకపోయినా వాక్యం నిలబడుతుంది, ఇంగ్లీషులో 'దిస్ ఈజ్' అని ఏదో ఒకటి ముందు నిలబెట్టాలి. ఇక 'ఎవాంత్యుఎల్‌మాన్' అంటే 'ఎవెంచువల్లీ' కాదు, 'పాసిబ్లీ'. దీన్ని ఎర్ర పెన్నుతో అట్ట మీదే రాసుకున్నా, అయినా పోయిన వారం మళ్లీ పడ్డాను.

అన్నిటికంటే నవ్వొచ్చింది 'కోర్బో'. నేను నేర్చుకున్న ఫ్రెంచిలో అది కాకి. ప్రతి స్తంభం మీదా దూలాన్ని మోస్తున్న కాకి! కాకి శిల్పమేమో అనుకుని రెండు రోజులు ఆ పేజీ పక్కన పెట్టాను. ఆదివారం ఆత్మకూరు వైపు అమ్మమ్మ వాళ్ల ఊరెళ్లినప్పుడు పాత గుడి మండపంలో తలెత్తి చూస్తే అర్థమైంది. స్తంభం నెత్తి నుంచి ముందుకు పొడుచుకొచ్చి, పైనున్న దూలానికి భుజం ఇచ్చే రాయి. చివర కిందికి వేలాడే పూమొగ్గ, దాని రెండు రేకులు విరిగి ఉన్నాయి. మనవాళ్లు బోదిక అంటారు, ఇంగ్లీషులో కోర్బెల్. పాండిచ్చేరిలో పాఠాలు చెప్పిన జూవో దుబ్రేయ్ అనే ఫ్రెంచి పండితుడు 1914లో అచ్చయిన పుస్తకంలో ఈ బోదిక ఆకారం మారిన తీరును కూడా బట్టి గుడి ఏ కాలానిదో లెక్కగట్టాడు. నేను దాన్ని కాకిని చేశాను.

19వ పేజీలో కింద చిన్నక్షరాల్లో ఒక ఫుట్‌నోట్ ఉంది. తొమ్మిది లైన్లు, ఒకే వాక్యం. మధ్య వరసలో దాన్ని నాలుగు ముక్కలు చేశాను, మూడో ముక్కలో 'అట' ఎవరి మీద వాలుతుందో ఇంకా తేలలేదు.