కట్టే డబ్బు ఎవరికి అందుతోంది?

లాభాపేక్ష లేని సంస్థలో డబ్బుకు కటకట మొదలైందంటే ముందుగా కత్తెర పడేది సిబ్బంది సదుపాయాల మీదనే. టెక్సస్‌లో పిల్లలకూ యువతకూ శిబిరాలు నడిపే ఒక సంస్థలో కొన్నేళ్లు పని చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో అదే తరహా సంస్థలో సిబ్బంది వ్యవహారాలు చూస్తున్న నాకు, ఆ కత్తెర చాలాసార్లు తప్పు చోట పడుతుందని గట్టి నమ్మకం. డబ్బు ఎక్కడ కారిపోతోందో గుమస్తాకూ, వంటమనిషికీ, శిబిరంలో పిల్లల వెంట తిరిగే కుర్రాడికీ తెలుస్తుంది. వాళ్లను అడగకుండా వేసే లెక్క కాగితం మీద మాత్రమే కుదురుతుంది.

గ్రీన్ కార్డు ప్రక్రియ కొంత దూరం వచ్చిన హెచ్-1బి వీసా ఉద్యోగుల జీవిత భాగస్వాములకు 2015 మే నుంచి అమెరికా పని అనుమతి ఇవ్వడం మొదలుపెట్టింది. అందువల్లే నాకు ఆ ఉద్యోగం దొరికింది. జీతం తక్కువే అయినా, అక్కడ ఏటా ఒకసారి సిబ్బంది అందరినీ రెండు విషయాలు రాసివ్వమనేవారు: సదుపాయాల్లో ఏం మారాలి, ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చు. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద అడగడం నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే జవాబులు చాలావరకు ఒకదానిలో ఒకటి ఇమిడిపోయేవి.

ఉదాహరణకు, నాలాంటి వాళ్లలో చాలామందికి భర్త లేదా భార్య కంపెనీ ద్వారా అప్పటికే ఆరోగ్య బీమా ఉండేది. అలాంటి వారు సంస్థ బీమా వద్దంటే, మిగిలే ప్రీమియంలో కొంత భాగాన్ని వారి జీతంలో కలపాలని మేం కొందరం కలిసి రాశాం. సంస్థకు ఖర్చు తగ్గింది, మా చేతికి నాలుగు డబ్బులు అదనంగా వచ్చాయి. మరో సూచన కొనుగోళ్లు చూసే సహోద్యోగినిది. టెక్సస్‌లో అమ్మకపు పన్ను రాష్ట్రానిది 6.25 శాతం, స్థానిక పన్నులతో కలిపి 8.25 శాతం దాకా ఉంటుంది. అర్హత పొందిన సేవాసంస్థలకు ఆ పన్ను నుంచి మినహాయింపు ఉన్నా, శిబిరాలకు కావలసిన సరుకులను సిబ్బంది హడావుడిలో సొంత కార్డుతో కొని, పన్నుతో సహా బిల్లు పెట్టేవారు. శిబిరం నడిపే ప్రతి ఒక్కరికీ సంస్థ కార్డునూ మినహాయింపు పత్రం నకలునూ ఇవ్వమని ఆమె రాసింది. ఎవరి కడుపూ కొట్టకుండా పొదుపు చేయడమంటే అదే.

వలస వచ్చినవారి అవసరాలు మాత్రం పైవారికి తేలిగ్గా అర్థమయ్యేవి కావు. సేవాసంస్థల ఉద్యోగులకు 403(బి) అనే పదవీ విరమణ ఖాతా ఉంటుంది. అందులో యజమాని జమ చేసిన వాటా పూర్తిగా మనదవడానికి కొన్నేళ్లు ఆగాలనే నియమం చాలాచోట్ల ఉంటుంది. వీసా మీద ఉన్నవారికి ఎన్నేళ్లు ఉంటామో చెప్పలేని పరిస్థితి. దీనికి తోడు జీతంలోంచి అమెరికా ప్రభుత్వ పింఛను పథకమైన సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం కోత పడుతుంది గానీ, ఆ పింఛను అర్హతకు సుమారు పదేళ్ల పని కావాలి, పైగా రెండు దేశాల్లో చేసిన సర్వీసును కలిపి లెక్కించే ఒప్పందం భారత్‌కూ అమెరికాకూ మధ్య లేదు. ఆ చట్టాన్ని మార్చడం మా సంస్థ చేతిలో లేదు, కానీ ఆగాల్సిన గడువును తగ్గించడం దాని చేతిలోనే ఉంది. ఏళ్ల తరబడి అడిగినా ఆ ఒక్కటీ జరగలేదు. కారణమైనా చెప్పి ఉంటే బాధ తగ్గేది.

హైదరాబాద్ వచ్చాక బోరబండ, అడ్డగుట్ట వంటి బస్తీల్లో పని చేసే మా సిబ్బందిని అవే రెండు ప్రశ్నలు అడిగాను. డ్రైవర్ ఒకాయన అన్న మాట మాకు పని చూపించింది: "మేడమ్, పీఎఫ్ నెలనెలా కట్ అయితుంది గని, రేపు నాకేమన్న అయితే ఆ పైసలు ఎవరికొస్తయో తెల్వదు." విచారిస్తే చాలామంది ఖాతాల్లో నామినీ పేరే లేదు. భవిష్యనిధికి (పీఎఫ్) అనుబంధంగా ఉన్న బీమా పథకం కింద, ఉద్యోగి సర్వీసులో ఉండగా మరణిస్తే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు వస్తుందని, దానికి యజమానే చందా కడతాడని తెలిసినవారు మరీ తక్కువ. నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారికి ప్రభుత్వ వైద్య బీమా అయిన ఈఎస్ఐ కోసం ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం కడుతూనే ఉన్నాం; అయినా కొందరు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి గడప తొక్కకుండా ప్రైవేటు ఆసుపత్రుల్లో అప్పులు చేశారు. కొత్త సదుపాయం ఒక్కటీ చేర్చకముందే, కడుతున్న డబ్బు అందాల్సినవారికి అందేలా చూడాలని నిర్ణయించుకున్నాం. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నామినీ వివరాలు నమోదు చేయించాం, కుటుంబ సభ్యుల పేర్లు ఈఎస్ఐలో చేర్పించాం.

ఖర్చు తగ్గించే సూచనల్లో ఉత్తమమైనది వంటమనిషి ఇచ్చింది. వేసవి శిబిరాలకు ప్రతి కేంద్రం దగ్గరలోని కిరాణా కొట్టులో విడివిడిగా సరుకులు కొనేది. అన్నింటికీ కలిపి బేగంబజార్‌లో టోకున కొందామని ఆమె అంది. అలా మిగిలిన సొమ్మును సిబ్బందికే కేటాయించాలని నేను పట్టుబట్టాను. పొదుపు చేసినవారికి దాని ఫలం కనబడకపోతే మరుసటి ఏడు ఎవరూ నోరు విప్పరు. ఇప్పుడు వచ్చిన సూచనలన్నింటినీ కార్యాలయం గోడ మీద అతికిస్తున్నాం. ఒప్పుకున్నదానికి అమలు తేదీ, కాదన్నదానికి కారణం పక్కనే రాస్తున్నాం. వేతనం పెరిగి ఈఎస్ఐ పరిధి దాటినవారి తల్లిదండ్రులకు బృంద బీమా కావాలన్న సూచన ఈ ఏడు అందరికంటే పైన ఉంది. ప్రీమియం భారమే కాబట్టి టోకు కొనుగోళ్లలో మిగిలినదాన్ని ముందుగా దానికే కేటాయించమని ట్రస్టీలకు రాశాను.