పెన్షన్ మీద ఇల్లు: బరంపురంలో గృహరుణం తీసుకున్న ఒక మాజీ సైనికుడి అనుభవం

సైన్యంలో పనిచేసి పెన్షన్ మీద బయటికి వచ్చినవారు ఇల్లు కొనుక్కోవాలని అనుకున్నప్పుడు మొదట అడిగే ప్రశ్న, బ్యాంకు ఎంత ఇస్తుంది అన్నదే. ఒడిశాలోని బరంపురంలో ఫ్లాట్ కొన్న అనుభవంతో నేను చెప్పగలిగేది ఏమిటంటే, దానికన్నా ముందు వేసుకోవలసిన లెక్క మరొకటి ఉంది. మనం లేని రోజున భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌తో ఆ అప్పు కంతులు కట్టగలదా లేదా అన్నది ఆ లెక్క. ఈ సంగతి బ్యాంకులో ఎవరూ తమంతట తాముగా చెప్పరు. మనమే అడిగి తెలుసుకోవాలి.

నేను సైన్యంలో యంత్రాలు, వాహనాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగంలో నాయబ్ సుబేదారుగా పదవీ విరమణ చేశాను. మాది రాయగడ జిల్లాలోని గుణుపురం వైపు. సర్వీసులో ఉన్నవారికి ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఫండ్ నుంచి ఇంటి అడ్వాన్సు దొరుకుతుంది గానీ, విరమణ తర్వాత ఆ దారి ఉండదు. యుద్ధంలో మరణించినవారి కుటుంబాలకు, యుద్ధంలో వికలాంగులైనవారికి ఇల్లు కట్టుకునే అప్పు మీద వడ్డీలో సగాన్ని లక్ష రూపాయల పరిమితి వరకు కేంద్రీయ సైనిక్ బోర్డు తిరిగి ఇచ్చే పథకం ఒకటి ఉంది. అర్హులైనవారు జిల్లా సైనిక్ బోర్డు ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. నాబోటి సాధారణ పెన్షనర్లకు అది వర్తించదు. అమెరికాలో ఉంటున్న మా బావమరిది కొడుకు అక్కడి పద్ధతి చెప్పాడు. 1944లో వచ్చిన చట్టంతో మొదలై, మాజీ సైనికులకు బ్యాంకులు ఇచ్చే ఇంటి అప్పులో కొంత భాగానికి అక్కడి ప్రభుత్వమే హామీగా నిలబడుతుందట. అందువల్ల ముందుగా చేతి డబ్బు పెట్టకుండానే ఇల్లు కొనుక్కోవచ్చు. కాండో, అంటే మన ఫ్లాటు వంటిది, కొనదలిస్తే మాత్రం ఆ సముదాయం అక్కడి మాజీ సైనికుల శాఖ ఆమోదించిన జాబితాలో ఉండాలి. మన దగ్గర అటువంటి హామీ లేదు. మన పెన్షనే మన హామీ.

మొదట సొంత ఊరి దగ్గరే స్థలం కొని కట్టుకుందామని అనుకున్నాము. గుణుపురం పక్కన ఒక స్థలం నచ్చింది, ధర కూడా అందుబాటులోనే ఉంది. కానీ రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ గిరిజనుల భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడాన్ని 1956 నాటి రెండవ రెగ్యులేషన్ నిషేధిస్తుంది. ఇప్పుడు అమ్మేవాడు గిరిజనేతరుడే అయినా, వెనుక ఎప్పుడో ఆ భూమి గిరిజనుడి చేతిలోంచి ఎలా వచ్చిందన్నది తేలితే తప్ప హక్కు నిలవదని మాకు తెలిసిన వకీలు వివరించారు. మేము చూసిన స్థలానికి పాత కాగితాలు అంత దూరం సరిగా లేవు. ఆ చట్టం గిరిజనుల భూమి వారి చేతిలోనే ఉండేందుకు వచ్చింది, అది న్యాయమైన చట్టమేనని నా అభిప్రాయం. దాన్ని దాటవేసే దారులు చెప్పేవారు మా ప్రాంతంలో లేకపోలేదు. వారి మాట వినదలచుకోలేదు.

ఆ మీద బరంపురం వైపు చూశాము. ఎమ్‌కేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి అక్కడే ఉంది, విశాఖపట్నానికి రైలు సౌకర్యం ఉంది, బజారులో తెలుగు మాట్లాడితే పని జరుగుతుంది. కొత్తగా కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ చూడబోతే, ఒప్పంద పత్రం రిజిస్టరు చేయకముందే నాలుగో వంతు సొమ్ము కట్టమన్నారు. ఇళ్ల కొనుగోలుదారుల రక్షణకు వచ్చిన 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్టరు చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా బిల్డరు పది శాతానికి మించి తీసుకోరాదు. ఆ మాట అడిగితే, అందరూ ఇలాగే కడుతున్నారని జవాబు వచ్చింది. అక్కడితో దాన్ని వదిలేసి, కట్టి కొన్నేళ్లయిన భవనంలో ఒక రెండు పడక గదుల ఫ్లాటును 26 లక్షలకు మాట్లాడుకున్నాము.

ఒడిశాలో భూమి కొనేవారు తప్పక చూడవలసినది పట్టాలోని కిసమ్, అంటే భూమి రకం. భూలేఖ్ వెబ్‌సైటులో ఖాతా నంబరు, ప్లాటు నంబరు ఇస్తే ఆ భూమి ఘరబారియా (ఇంటి స్థలమా), సాగు భూమా అన్నది కనిపిస్తుంది. సాగు భూమిని ఇంటి స్థలంగా మార్చుకోవాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టంలోని 8-ఏ సెక్షను కింద తహసీల్దారు అనుమతి కావాలి. ఆ మార్పు జరగని భూమి మీద కట్టిన ఇంటికి బ్యాంకు అప్పు ఇవ్వడం చాలా కష్టం. మేము చూసిన భవనపు స్థలం ఘరబారిగానే నమోదై ఉంది. పట్టా ఒడియాలో ఉంటుంది కాబట్టి, ఆ లిపి చదవలేని మనవాళ్లు పక్కవాడు చెప్పినదాన్ని నమ్మి సంతకం పెట్టకుండా, చదివించుకుని ఒక్కొక్క గడీ అర్థం చేసుకోవడం అవసరం.

ఇక బ్యాంకు విషయం. మొదట వెళ్లిన శాఖలో, నా పెన్షన్ ఇప్పుడు వారి చేతుల మీదుగా రావడం లేదు కాబట్టి అప్పు కష్టమన్నారు. ఒకప్పుడు బ్యాంకుల పెన్షన్ విభాగాలే మన పెన్షన్ లెక్కకట్టి ఇచ్చేవి. ఇప్పుడు రక్షణ శాఖ వారి ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ అయిన స్పర్శ్ ద్వారా అది నేరుగా ఖాతాలోకి వస్తోంది. బ్యాంకు మాటలో కొంత కారణం లేకపోలేదు, ఎందుకంటే పెన్షనరు రేపు ఖాతా మార్చుకుంటే కంతు ఎక్కడి నుంచి కోసుకోవాలన్నది వారి బెంగ. కానీ దానికి ఉపాయం ఉంది. రెండవ బ్యాంకులో, అప్పు తీరేదాకా వారి అనుమతి లేకుండా పెన్షన్ ఖాతా మార్చనని హామీపత్రం రాయించుకున్నారు. స్పర్శ్ నుంచి దింపుకున్న పెన్షన్ స్లిప్పులు, ఈ-పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), ఖాతా స్టేట్‌మెంటు తీసుకున్నారు. కొన్ని బ్యాంకులలో రక్షణ దళాలవారికి ప్రత్యేక పథకాలున్నాయి. స్టేట్ బ్యాంకు వారి శౌర్య గృహరుణం అటువంటిదే; మామూలు పథకంలో 70 ఏళ్ల వయసుకు అప్పు తీరిపోవాలంటే, ఇందులో 75 దాకా గడువు దొరుకుతుంది. 54 ఏళ్ల వయసులో అప్పు తీసుకునేవాడికి ఆ ఐదేళ్ల తేడా కంతు మీద బాగా కనిపిస్తుంది.

ఇప్పుడు నేను మొదట చెప్పిన లెక్కకు వస్తాను. సులువుగా ఉండేందుకు మూల పెన్షన్ 30,000 రూపాయలు అనుకుందాము. నాది దాదాపు అంతే. విరమణ నాడు సైనికులు పెన్షన్‌లో సగం దాకా కమ్యూట్ చేసుకోవచ్చు, అంటే ఆ భాగానికి బదులు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవచ్చు; అలా చేసుకున్న భాగం పదిహేనేళ్ల తర్వాత మళ్లీ కలుస్తుంది. నేను సగం కమ్యూట్ చేశాను కనుక నెలనెలా వచ్చే మూల పెన్షన్ 15,000. డీఆర్ (పెన్షనర్లకు ఇచ్చే కరువు భృతి) మాత్రం కమ్యూట్ చేయకముందు ఉన్న పూర్తి మొత్తం మీద లెక్కిస్తారు. 2025 జనవరి నాటి 55 శాతం ప్రకారం అది 16,500. రెండూ కలిపి 31,500. బ్యాంకు ఇందులో సగం దాకా కంతుకు పోవచ్చని లెక్కగట్టి, ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు 18 లక్షల దాకా ఇస్తామంది.

నేను పోతే ఏమవుతుంది? విరమణ చేసిన సైనికుడు మరణిస్తే భార్యకు మొదట హెచ్చు రేటున ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. అది ఏడేళ్లు గానీ, మరణించినవాడికి 67 ఏళ్లు నిండవలసిన నాటి వరకు గానీ, ఏది ముందైతే అంతవరకే. ఆ తర్వాత ఆఖరి జీతంలో 30 శాతం మాత్రమే. పూర్తి పెన్షన్ ఆఖరి జీతంలో సగం కాబట్టి, 30,000 పెన్షన్ ఉన్నవాడి భార్యకు మిగిలేది 18,000, దాని మీద డీఆర్. కమ్యూటేషన్ కోత ఫ్యామిలీ పెన్షన్‌కు తగలదు. అదే 55 శాతం లెక్కన 27,900 అవుతుంది. బ్యాంకు కొలమానాన్నే దీనికి పెడితే, ఆమె మోయగలిగిన కంతు 13,950. అందుకని 18 లక్షలు వద్దని 15 లక్షలే తీసుకున్నాను. ఇరవై ఏళ్లకు దాని కంతు సుమారు 13,000. మిగతా సొమ్ము గ్రాట్యుటీ, కమ్యూటేషన్ డబ్బుతో వేసుకున్న ఫిక్సెడ్ డిపాజిట్ నుంచి తీసి కట్టాము. అంత డబ్బు ఒకేసారి బయటికి తీయడానికి మనసు ఒప్పుకోదు, నిజమే. అయినా డిపాజిట్ మీద వచ్చే వడ్డీ కన్నా అప్పు మీద కట్టే వడ్డీ ఎక్కువ కదా.

ఈ లెక్క మా ఆవిడ ముందే కాగితం మీద వేశాను. అన్నీ విన్నాక ఆమె ఒకే ప్రశ్న అడిగింది:

"మీరు లేనప్పుడు బ్యాంకువాళ్లు నాతో మాట్లాడతారా, మీ పేరు మీద ఉన్నదని పంపించేస్తారా?"

అందుకే ఆమెను సహ రుణగ్రహీతగా పెట్టించాము. బ్యాంకుకు కూడా అదే కావాలి, ఎందుకంటే ఫ్యామిలీ పెన్షన్‌కు హక్కుదారు ఆమే.

అక్కడే అసలు ఆలస్యం మొదలైంది. నా సైనిక రికార్డులలో, అందువల్ల పీపీఓలో ఆమె పేరు వరలక్ష్మమ్మ. ఆధార్‌లో, పాన్‌లో వరలక్ష్మి. ఒడిశాలో చేయించుకున్న ఓటరు కార్డులో బరలక్ష్మి, ఎందుకంటే ఒడియాలో వకారం బకారంగా మారుతుంది. ముగ్గురు మనుషులున్నట్టుగా కాగితాలు చెబుతుంటే, బ్యాంకు అధికారి ఆ మూడు కాగితాలను బల్ల మీద వరసగా పేర్చి, పీపీఓలో ఉన్న మనిషే ఈమె అని రుజువు చేయమన్నారు. ఆయన అడగడంలో తప్పు లేదు. ఈ పేరు సరిగా లేకపోతే రేపు ఫ్యామిలీ పెన్షన్ కూడా ఆగిపోతుంది. అప్పు కోసం కాకపోయినా సరిచేయించుకోవలసిన విషయం అది. మెజిస్ట్రేటు ముందు అఫిడవిట్ చేయించి, ఆధార్, పాన్, పెళ్లి నాటి రుజువులతో జిల్లా సైనిక్ బోర్డు ద్వారా సికింద్రాబాద్‌లోని ఈఎంఈ రికార్డ్స్‌కు పంపాము. అక్కడ వివరాల మార్పును నమోదు చేసే పార్ట్ టూ ఆర్డరు ప్రచురించి, ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్ కార్యాలయం నుంచి సవరించిన పీపీఓ వచ్చేదాకా ఓపిక పట్టవలసి వచ్చింది. ఈలోగా అమ్మే ఆయన తొందరపడితే, రిజిస్టరు చేసిన ఒప్పందంలో గడువు పొడిగించుకున్నాము. ఇల్లు వెతకడం మొదలుపెట్టకముందే భార్య పేరు, పుట్టిన తేదీ పీపీఓలో చూసుకోమని మా వాళ్లందరికీ చెబుతున్నాను.

తక్కినవి అంత కష్టపెట్టలేదు. బ్యాంకు వకీలు ముప్పై ఏళ్ల లింకు దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) చూసి అభిప్రాయం ఇచ్చారు. ఇంజినీరు ఫ్లాటు విలువ 24 లక్షలుగా మదింపు చేశారు. ధరకు, మదింపుకు తేడా వస్తే బ్యాంకు తక్కువదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 30 లక్షల లోపు అప్పులకు విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చు. మేము తీసుకున్నది అంతకన్నా చాలా తక్కువ కాబట్టి మాకు ఇబ్బంది రాలేదు, కానీ చేతిలో తక్కువ డబ్బుతో వెళ్లేవారికి ఈ తేడా దెబ్బ కొడుతుంది. పది లక్షలు దాటిన ఇళ్లకు స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఇంటి విలువలో కలపరు. అవి చేతి నుంచే పెట్టుకోవాలి. ఒడిశాలో స్టాంపు డ్యూటీ పురుషులకు 5 శాతం, మహిళలకు 4 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 2 శాతం. దస్తావేజు ఆమె పేరున రాయించాము. 26 లక్షల మీద ఒక శాతం అంటే 26,000 మిగిలింది. అంతకన్నా ముఖ్యంగా ఇల్లు ఆమెది అయింది.

మంజూరు పత్రంతో పాటు ఒక ఇన్సూరెన్స్ పాలసీ ఫారం కూడా ముందుకు జరిపి, ఇది తప్పనిసరి అన్నారు. తప్పనిసరి అయితే ఆ నియమం రాసి ఇమ్మని మర్యాదగా అడిగాను. ఐచ్ఛికమేనని అప్పుడు ఒప్పుకున్నారు. వేరేచోట్ల ప్రీమియం విచారించి, అప్పు తగ్గేకొద్దీ రక్షణ కూడా తగ్గే పాలసీని మేమే ఎంచుకుని తీసుకున్నాము. ఫ్యామిలీ పెన్షన్ మీద కంతు మోయగలదని లెక్క తేలినా, భర్త పోయిన ఇంట్లో ఇరవై ఏళ్ల అప్పు మిగలకూడదన్నది నా కోరిక.

అసలు దస్తావేజులు బ్యాంకులో పెట్టినప్పుడు, ఏవేవి ఇచ్చామో జాబితా రాసి అధికారి సంతకం, ముద్ర తీసుకున్నాము. అప్పు తీరిన 30 రోజులలో వాటిని తిరిగి ఇవ్వకపోతే రోజుకు 5,000 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నియమం 2023 డిసెంబరు 1 నుంచి అమలులో ఉంది. ఆ రోజున మన దగ్గర జాబితా ఉండాలి కదా. మా అప్పు చలన (ఫ్లోటింగ్) వడ్డీ మీద ఉంది కనుక ముందుగా కట్టినా జరిమానా లేదు. కమ్యూట్ చేసిన 15,000 మళ్లీ కలిసే ఏడాది నుంచి ఆ మొత్తాన్ని నేరుగా అసలుకే జమ చేయాలని ఇద్దరం నిర్ణయించుకున్నాము.

ప్రస్తుతానికి మూడు నెలల కంతులకు సరిపడే సొమ్ము ఆ ఖాతాలో ఎప్పుడూ ఉంచుతున్నాము. ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం ఏ కారణం చేతనైనా స్పర్శ్‌లో నమోదు కాకపోతే పెన్షన్ ఆగుతుంది, దానితో కంతు కూడా తిరిగిపోతుంది. అందుకే ఆ గడువు తేదీని నా ఫోనులోనే కాక మా ఆవిడ ఫోనులో కూడా పెట్టాను.