అల్యూమినియం కోతలో కింది అంచు చూడండి

వాటర్ జెట్‌తో కోసిన ముక్క చేతికివ్వగానే మన ఆటోనగర్‌లో చాలామంది పైన చూసి "ఫినిషింగ్ అదిరింది" అనేస్తారు. పై అంచు ఎప్పుడూ బాగానే ఉంటుందండీ. ముక్కని తిరగేసి కింది అంచు మీద గోరుతో గీసి చూడండి, అసలు పనితనం అక్కడ తెలుస్తుంది.

సుమారు 4000 బార్ ప్రెషర్‌తో దూసుకొచ్చే నీళ్లలో గార్నెట్ ఇసుక కలిసి లోహాన్ని చెక్కుకుంటూ పోతుంది. లోతుకి దిగేకొద్దీ ధారలో శక్తి తగ్గి, ధారని వదిలే హెడ్ ముందుకెళ్తుంటే ధార వెనక్కి వంగుతుంది, అందుకే పైన నున్నగా ఉన్న గోడ మీద కిందికొచ్చేసరికి వంపు తిరిగిన చారలు పడతాయి, స్పీడ్ పెంచితే అవి ఇంకా లోతవుతాయి. మూలల దగ్గర స్పీడ్ తగ్గించకపోతే కింద ఆకారమే తప్పుతుంది. పని త్వరగా అవ్వాలని స్పీడ్ పెంచేసి తర్వాత గంటలకొద్దీ ఫైలింగ్, అంటే ఆకురాయితో రుద్దించడం నాకు అస్సలు నచ్చదు.

అల్యూమినియానికి ఈ పద్ధతే ఎందుకంటే, 6061-టి6 లాంటి అల్యూమినియం రకానికి దాని బలం హీట్ ట్రీట్‌మెంట్‌తో, అంటే వేడిచేసి గట్టిపరచడంతో వచ్చింది, కోతలో ఎక్కువ వేడి తగిలితే అంచు దగ్గర మెత్తబడుతుంది. వాటర్ జెట్‌లో ఆ బాధ లేదు. కాకపోతే మెత్తటి లోహం కదా, గార్నెట్ రవ్వలు గోడలో ఇరుక్కుంటాయి, అనోడైజింగ్‌కి (పైన రక్షణ పొర ఎక్కించడానికి) పంపే ముందు శుభ్రం చేయించాల్సిందే.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఏ అంచు నున్నగా కావాలో డ్రాయింగ్ మీద గుర్తు పెట్టండి, ఆపరేటర్ అక్కడ మాత్రం నెమ్మదిగా కోస్తాడు, ఖర్చూ తగ్గుతుంది.