మూడో అంతస్తు కొబ్బరికాయ

పన్నెండు కావస్తోంది. ఆయన ఎప్పుడో పడుకున్నారు. నాకు మాత్రం హాల్లో సగం సర్దిన సంచి కనిపిస్తుంటే నిద్ర పట్టడం లేదు. ఎల్లుండి తెల్లవారుజామున హైదరాబాద్ చంపాపేటలో బయల్దేరాలి. శివరాత్రికి శ్రీశైలం, మళ్లీ కాలినడకే. ఎందుకు, ఏమిటి, మోకాళ్ల సంగతేంటి అని అడక్కండి, ఆ పురాణమంతా కిందటేడే విన్నారు.

పెద్ద సామానుతో పేచీ లేదు. దుప్పట్లు, బట్టలు, వంట గిన్నెలు అన్నీ డీసీఎం వ్యాన్లో వెళ్లిపోతాయి. తంటా అంతా భుజాన వేసుకునే చిన్న సంచితోనే. డీసీఎం మనతో పాటు నడవదు కదా! ముందే పోయి మధ్యాహ్నం మజిలీలో పొయ్యి వెలిగిస్తుంది. కాలికి బొబ్బ లేచేదేమో రెండు మజిలీల నడుమ. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు దాకా పర్లేదు, ఏది కావాలన్నా రోడ్డు పక్కన ఓ కొట్టు ఉంటుంది. మన్ననూరు దాటాక అడవి. ఎక్కడ పడితే అక్కడ బండి ఆపనివ్వరు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా చెక్‌పోస్టు దగ్గర బండ్లను అసలు వదలరు. కాబట్టి ఏం కావాలన్నా వీపు మీదే ఉండాలి.

మంచినీళ్ల సీసా స్టీలుదే పెట్టాను, అమ్రాబాద్ పులుల అడవిలో ప్లాస్టిక్ నిషేధం. అది ఖాళీగానే బరువు. ఓఆర్ఎస్ పొట్లాలు, పల్లీ చిక్కీ, వ్యాజిలైన్, దూది, ప్లాస్టర్లు, ఇంకో జత సాక్సులు, టార్చి, ఓ పది పిన్నీసులు. మేం మాల వేసుకోలేదు కాబట్టి బూట్లతోనే నడక. స్వాములు తలమీద ఇరుముడితో, ఉత్త కాళ్లతో మమ్మల్ని దాటుకుని పోతుంటే సిగ్గేస్తుంది కానీ, ఆ సిగ్గు మొదటి రోజు మధ్యాహ్నానికే తగ్గిపోతుంది.

ఇంత సర్దాక ఆయన వచ్చి సంచికి కొక్కెం తగిలించారు. అదే, ఎయిర్‌పోర్టుకి పోయేముందు లగేజీ తూచుకునేది. ఒంటి బరువులో పదో వంతు దాటకూడదట. బరువైనవి వీపుకి ఆనుకుని ఉండాలట, తేలికైనవి బయటి వైపట. వీడియోలు చూసి చూసి ఈయనే పెద్ద యాత్రికుడైపోయారు. చివరికి నా గొడుగు తీసి సోఫా మీద పడేశారు. ఫిబ్రవరిలో వానేంటి అంటారు. నేను వాన గురించి అన్నానా? కల్వకుర్తి వైపు మిట్టమధ్యాహ్నం ఎండ ఎలా ఉంటుందో ఆ కొక్కేనికి తెలుసా?

సరే, అసలు సంగతి అది కాదు. సాయంత్రం మూడో అంతస్తు ఆంటీ దిగి వచ్చింది. ఆవిడ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది. చేతిలో పసుపు గుడ్డలో కట్టిన కొబ్బరికాయ, పిలకా పీచూ అన్నీ ఉన్నదే.

"మల్లన్నకు కొట్టియ్యమ్మా, మొక్కున్నది" అంది. సరే ఆంటీ, డీసీఎంలో భద్రంగా పెట్టిస్తాను అన్నాను.

"వ్యాన్ల వద్దు. వ్యాన్ల పోతే మొక్కెట్ల తీరుతది? నడిచొస్త అని మొక్కుకున్న. నా మోకాళ్లు నడవనిస్తలేవు. కనీసం కాయన్న నడవాలె గదా!"

కాయ నడవడమేంటి? నడిచేది నేను! శ్రీశైలంలోనే కొని కొడతాను ఆంటీ అన్నా వినలేదు. సాక్షి గణపతి పుస్తకం, కలం పట్టుకుని కూర్చుంటాడు, ఎవరు వచ్చారో అన్నీ రాసుకుంటాడు అంది. కొబ్బరికాయల హాజరు కూడా రాస్తాడని నాకు ఇవాళే తెలిసింది. ఆవిడ వెళ్లాక కొక్కేనికి తగిలిస్తే ముప్పావు కిలో. దీని ముందు నా గొడుగెంత! అప్పటికే నా తెల్ల చున్నీకి పసుపు అంటుకుంది, ఉతికినా పోలేదు.

అమ్మ గుర్తొచ్చింది. మేం చిన్నప్పుడు అలిపిరి నుంచి కొండెక్కాం. కింద సామాను అప్పజెబితే దేవస్థానం వాళ్లే ఊరికే పైకి చేరుస్తారు. అందరూ ఇచ్చి చీటీ తీసుకుని చేతులూపుకుంటూ ఎక్కుతున్నారు. అమ్మ ఇవ్వనంది. ఆ సంచిలో పులిహోర డబ్బా, మా బట్టలు, వాటి అడుగున మా వీధిలోవాళ్లు కట్టిచ్చిన ముడుపులు. దేవుడి డబ్బు లారీలో వేస్తామా అని కోపం. పోనీ తను మోసిందా? మెట్టుమెట్టుకీ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ వస్తోంది, రెండు చేతులూ ఖాళీ లేవు. 3,550 మెట్లు. సంచి నా మీదా, తమ్ముడి మీదా పడింది. చెరో పిడి పట్టుకున్నాం. వాడు పొట్టి, బరువంతా వాడి వైపే వాలేది, డబ్బా అంచు వాడి పిక్కకి మెట్టుకోసారి తగిలేది. గాలిగోపురం దగ్గర వాడు సంచి వదిలేసి కూర్చుని ఏడ్చాడు. మోకాళ్ల పర్వతం దగ్గర నేనూ ఏడ్చాను. అమ్మ మా వైపు చూసి, ఏడిస్తే బరువు తగ్గుతుందా అంది.

ఆ కథ ఇంట్లో ఇప్పటికీ అమ్మ మొండితనానికి ఉదాహరణగా చెప్పుకుని నవ్వుకుంటాం. ఇందాక అది రాస్తుంటే హుండీ దగ్గర సంగతి గుర్తొచ్చింది. ఆ తోపులాటలో, వెనకాల జనం అరుస్తున్నా, ఒక్కో మూటా వేస్తూ ఎవరిదో పేరు చెప్పింది. పేరు, గోత్రం, ఊరు. ఒక్కటీ తప్పలేదు. ఆవిడ మోసింది సంచిని కాదేమో, ఆ పేర్లనేమో.

కానీ అమ్మ వేరు, ఈ ఆంటీ వేరు. నల్లా నీళ్ల రోజు మోటారు కట్టేసేది ఈవిడే. నా ఒడియాల మీద తన చీర నీళ్లు కారేలా ఆరేసేదీ ఈవిడే. కాయ డీసీఎంలో పడేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను, బియ్యం మూట పక్కన చోటు కూడా చూసుకున్నాను. కానీ తిరిగొచ్చాక మెట్ల మీద నిలబెట్టి అడుగుతుంది. డిండిలో ఎక్కడ దించావు, వటవర్లపల్లిలో ఎక్కడ పెట్టావు అని ఊరూరూ అడుగుతుంది. నాకు అబద్ధం చెప్పడం రాదు, ముఖంలో తెలిసిపోతుంది. పైగా, ఒప్పుకోవడం ఇష్టం లేదు కానీ, ఆవిడ ఇవాళ మెట్లు దిగడానికి ఎంతసేపు పట్టిందో తలుపు దగ్గర నిలబడి చూశాను. ప్రతి మెట్టుకీ రెండు పాదాలూ ఆనించి, గోడ పట్టుకుని.

డిండి దగ్గర పొద్దున్నే ఆ రిజర్వాయరు నీళ్లు చూస్తూ తాగే టీ బాగుంటుంది. దాని గురించి రాద్దామనే మొదలుపెట్టాను.

ఇప్పుడే లేచి వెళ్లి గొడుగు మళ్లీ నా సంచిలో పెట్టుకున్నాను. కొబ్బరికాయ ఆయన సంచిలో, తువ్వాలు కింద సర్దాను. ఆయనా నడిచే వస్తున్నారు కాబట్టి మొక్కుకి లోటేమీ లేదు. బరువైనవి వీపుకి ఆనుకుని ఉండాలన్నారు, అలాగే పెట్టాను.