కుళాయి చప్పుడు చాటున

2020 లాక్‌డౌన్ రాత్రుల్లో గృహహింస బాధితుల సహాయ చాట్‌లో కూర్చునేదాన్ని. కొట్టేవాడు పక్క గదిలోనే ఉంటే ఎవరు మాత్రం ఫోన్లో గొంతు విప్పగలరు? ఒకామె స్నానాల గదిలో కుళాయి తిప్పి ఉంచి టైప్ చేసేది. మూడు మాటలు, తర్వాత నిశ్శబ్దం. ఆ ఖాళీలో నేనేమీ పంపకూడదు. ఫోన్ ఎవరి చేతిలో ఉందో తెలియదు కదా. ముందే అనుకున్న మాట ఆమె రాస్తేనే మళ్లీ మొదలు. చాట్ ఎలా చెరిపేయాలో మొదట్లోనే చెప్పేసేదాన్ని, చివర్లో వ్యవధి దొరుకుతుందన్న నమ్మకం లేక.

ఆ ఏప్రిల్‌లోనే కెనడాలో వీడియో కాల్‌లో నోరు విప్పకుండానే సాయం అడగడానికి ఒక సైగ తెచ్చారు: అరచేయి చూపి, బొటనవేలు లోపలికి మడిచి, దానిమీద నాలుగు వేళ్లూ మూయడం. మంచి ఆలోచనే. సొంత ఫోనే లేనివాళ్ల మాటేమిటి?

ఆమె చివరిసారి రాసింది: "అక్క వచ్చింది. వెళ్తున్నాను."