చార్జ్‌కు సినానిమ్ రాసుకునే ముందు పక్కన ఏముందో చూడండి

మిత్రులారా, తిరుపతి హాస్టళ్లలో, లైబ్రరీల్లో ఎస్సెస్సీకి (స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఉద్యోగ పరీక్షలకు), బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్ల వొకాబులరీ నోట్సులు తిరగేస్తే చాలావాటిలో ఒకటే పద్ధతి. ఎడమ పక్క మాట, కుడి పక్క నాలుగు సినానిమ్స్, అంటే అదే అర్థం వచ్చే మాటలు. చార్జ్ ఎదురుగా ఫీ, అక్యూజ్, అటాక్, కస్టడీ అని ఒకే వరసలో ఉంటాయి. నాలుగూ చార్జ్‌కు చుట్టాలే, వాటిలో వాటికి మాత్రం ఏ బంధుత్వమూ లేదు. ఎస్సెస్సీ డిగ్రీవాళ్లకు పెట్టే సీజీఎల్ పరీక్ష మొదటి దశ టైర్-1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పయితే అర మార్కు కోత. పేపర్ మొత్తం 100 ప్రశ్నలకు 60 నిమిషాలు. ఆ హడావిడిలో ఆప్షన్లలో బట్టీ పట్టిన మాటలు రెండు కనబడితే చెయ్యి మొదటిదాని మీదికే పోతుంది.

ముందు డబ్బు అర్థం. బస్టాండులో ‘చిత్తూరుకు చార్జీ ఎంతన్నా?’ అని అడుగుతాం కాబట్టి ఇంగ్లిష్‌లోనూ బస్ చార్జ్ అని రాసేస్తాం. అక్కడ రావాల్సింది ఫేర్. బస్సు, రైలు, ఆటో ఎక్కినందుకు ఇచ్చేది ఫేర్. డాక్టరుకు, లాయరుకు, కాలేజీకి కట్టేది ఫీ. అలిపిరి టోల్‌గేటు దగ్గర బండికి కట్టేది టోల్. కరెంటు రేట్ల పట్టిక టారిఫ్. హెల్మెట్ లేకపోతే పడేది ఫైన్. చార్జ్ వీటికన్నా వదులైన మాట, ఏదైనా సర్వీసుకు అడిగే డబ్బు. క్రియగా వాడితే పనికి ముందు ‘ఫర్’ వస్తుంది: హి చార్జ్‌డ్ మీ 200 రూపీస్ ఫర్ ద రిపేర్. దీని వ్యతిరేకం వెయివ్, అంటే తీసుకోవాల్సింది వదిలేయడం. నడకదారి భక్తుల సామాన్లను కొండపైకి టీటీడీ ఫ్రీ ఆఫ్ చార్జ్ చేరుస్తుంది; ఈ మూడు మాటల చోట పరీక్షలో వచ్చేవి గ్రాటిస్, కాంప్లిమెంటరీ. రెండోదాని స్పెల్లింగ్‌లో ‘పి’, ‘ఎల్’ తర్వాత ‘ఐ’ ఉండాలి. అక్కడ ‘ఈ’ పడితే లోటు పూరించేది అనే వేరే మాట అవుతుంది.

ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది నేరం అర్థం దగ్గర. అక్యూజ్, చార్జ్, బ్లేమ్ మూడూ తెలుగులో మనకు ‘నింద మోపడం’ కిందికే వస్తాయి, కానీ ఒక్కోదాని వెనక ప్రిపొజిషన్ వేరు. అక్యూజ్‌డ్ ఆఫ్, చార్జ్‌డ్ విత్, బ్లేమ్‌డ్ ఫర్. శిక్షపడితే కన్విక్టెడ్ ఆఫ్, నిర్దోషిగా తేలితే అక్విటెడ్ ఆఫ్. ఎర్రర్ స్పాటింగ్‌లో ‘చార్జ్‌డ్ ఆఫ్ మర్డర్’ అని ఇస్తే తప్పు అక్కడే. క్లోజ్ టెస్టులో ఖాళీ తర్వాత ‘ఆఫ్ థెఫ్ట్’ ఉంటే, అర్థం ఎంత కుదిరినా చార్జ్‌డ్ పనికిరాదు. అక్యూజ్ ఎవరైనా చేయొచ్చు, పక్కింటాయన కూడా. చార్జ్ చట్టపరమైన మాట. పోలీసులు చార్జ్‌షీట్ వేస్తారు, కోర్టు చార్జెస్ ఫ్రేమ్ చేస్తుంది. ఈ రెండిటినీ కలిపేస్తే ఇంగ్లిష్‌లోనే కాదు, పాలిటీలో కూడా మార్కు పోతుంది. 2024 జులై 1 నుంచి చార్జ్‌షీట్ సంగతి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 193వ సెక్షన్‌లో ఉంది, పాత సీఆర్పీసీలో అది 173. చార్జ్‌కు దగ్గరి సినానిమ్ ఇండైట్. స్పెల్లింగ్‌లో ‘సి’ ఉన్నా పలకదు, అందుకే విని నేర్చుకున్నవాళ్లు కాగితం మీద దాన్ని గుర్తుపట్టరు.

‘విత్’ కనబడితే నేరమే అని ముద్ర వేసేయకండి. బ్రహ్మోత్సవాల బందోబస్తు చూసుకొమ్మని ఒక ఆఫీసరుకు అప్పగించినా ‘చార్జ్‌డ్ విత్’ అనే రాస్తారు. అక్కడ సినానిమ్ ఎన్‌ట్రస్ట్. తేడా తెలిసేది ‘విత్’ తర్వాతి మాటతోనే: మర్డర్, ఫ్రాడ్ ఉంటే నేరం, డ్యూటీ, టాస్క్ ఉంటే బాధ్యత. పేపర్ తయారుచేసేవాళ్లకు ఇది భలే ఇష్టమైన చోటు, ఆప్షన్లలో అక్యూజ్‌డ్, ఎన్‌ట్రస్టెడ్ రెండూ పెడతారు.

బాధ్యత అర్థంలోనే ఇంకో మెలిక ఉంది. ‘ద నర్స్ ఈజ్ ఇన్ చార్జ్ ఆఫ్ ద చైల్డ్’ అంటే నర్సు బిడ్డను చూసుకుంటోంది. ‘ద చైల్డ్ ఈజ్ ఇన్ ద చార్జ్ ఆఫ్ ద నర్స్’ అన్నా సంగతి అదే, మనుషులు మాత్రం అటూ ఇటూ మారారు. చూసుకునేవాళ్లతో మొదలైతే ‘ద’ ఉండదు, చూసుకోబడేవాళ్లతో మొదలైతే ఉంటుంది. నామవాచకంగా చార్జ్ అంటే ఒకరి సంరక్షణలో ఉన్న మనిషి అని కూడా అర్థం, సినానిమ్ వార్డ్. స్కూలు నుంచి వచ్చే ఉత్తరాల్లో ‘యువర్ వార్డ్’ అని ఉంటుంది చూడండి, అదే. మన ఆఫీసుల్లో ఇన్‌చార్జ్ అంటే పర్మనెంటు మనిషి వచ్చేదాకా కుర్చీలో ఉన్నాయన. పరీక్ష ఇంగ్లిష్‌లో ఇన్ చార్జ్‌కు ఆ తాత్కాలికం అర్థం లేదు, దానికి యాక్టింగ్, అఫీషియేటింగ్ అనే మాటలున్నాయి.

దాడి అర్థం సులువు. పలమనేరు, కుప్పం వైపు పొలాల్లోకి దిగిన ఏనుగు మనిషి మీదికి దూసుకొస్తే ‘చార్జ్‌డ్ ఎట్’. సినానిమ్స్ రష్, స్టార్మ్, వ్యతిరేకం రిట్రీట్. ఏనుగు బెదిరించడానికి నాలుగడుగులు ఉరికి ఆగిపోతే అది మాక్ చార్జ్, ప్యాసేజీల్లో తగలొచ్చు.

సెల్‌ఫోన్ చార్జింగ్ గురించి చెప్పేదేమీ లేదు. అదే అర్థం వాతావరణానికి పాకి చార్జ్‌డ్ అట్మాస్ఫియర్ అయినప్పుడు మాత్రం సినానిమ్ టెన్స్, అంటే ఉద్రిక్తం. అసలు ఈ మాట ఫ్రెంచ్‌లో ‘బండికెత్తడం’ నుంచి వచ్చింది, దాని మూలం లాటిన్‌లో బండి పేరు. కార్గో కూడా ఆ వంశమే. డబ్బు, నేరం, బాధ్యత, కరెంటు అన్నీ నెత్తికెత్తే బరువులే అనుకుంటే అర్థాలు గుర్తుంటాయి.

డిస్‌చార్జ్‌ను చార్జ్‌కు వ్యతిరేకం అని ఒక్క ముక్కలో రాసుకుంటే దెబ్బ తింటారు. బ్యాటరీ విషయంలో నిజమే. ‘డిస్‌చార్జ్ వన్స్ డ్యూటీస్’ అంటే మాత్రం విధులు వదిలేయడం కాదు, నిర్వర్తించడం, సినానిమ్ పర్‌ఫార్మ్. అప్పును డిస్‌చార్జ్ చేస్తే తీర్చేసినట్టు. ఉద్యోగినైతే డిస్మిస్. రుయాలో పేషెంటునైతే రిలీజ్. కల్యాణి డ్యామ్ గేట్ల నుంచి వదిలితే నీటి ప్రవాహం, లెక్క క్యూసెక్కుల్లో. కోర్టులో నిందితుణ్ని డిస్‌చార్జ్ చేశారంటే చార్జెస్ ఫ్రేమ్ చేయకముందే వదిలేశారని, అక్విట్ చేశారంటే విచారణ నడిచాక నిర్దోషి అన్నారని.

నోట్సు విషయానికొస్తే, ఇలాంటి మాటకు పూర్తి పేజీ ఇవ్వండి. నాలుగు గళ్లు గీసి అర్థం, పక్కన వచ్చే మాట, సినానిమ్స్ రెండు, యాంటోనిమ్ (వ్యతిరేకం) ఒకటి రాయండి. రెండుకు మించి సినానిమ్స్ రాస్తే రివిజన్‌లో కళ్లు జారిపోతాయి. సంరక్షణ అర్థానికి సరైన యాంటోనిమ్ లేదు, ఆ గడి ఖాళీగానే ఉంచండి, ఏదో ఒకటి ఇరికించొద్దు.

వాక్యం లేకుండా చార్జ్ ఒక్కటే ఇచ్చి సినానిమ్ అడిగినప్పుడు ఈ యాంటోనిమ్ గడే పనికొస్తుంది. ఆప్షన్లు అక్విట్, ఇండైట్, రిట్రీట్, వెయివ్ అని ఉన్నాయనుకోండి. మూడు వేర్వేరు అర్థాల వ్యతిరేకాలు మూడు, మిగిలింది ఇండైట్. గళ్లు గీసుకున్నవాళ్లకు ఇది పదిహేను సెకన్ల పని. చార్జ్ పేజీ అయ్యాక ఇదే పద్ధతిలో ఇష్యూ, ఫేర్, బేర్ మొదలుపెట్టండి. ఫేర్, బేర్‌లకు ఒకే ఉచ్చారణతో రెండేసి స్పెల్లింగులున్నాయి, వాటికి రెండేసి పేజీలు వదలాలి.