నాకు పనిచేస్తుందా మేడం?

తాడిపత్రిలో నాపబండలు పాలిష్ పట్టే పని నాది. నడుము పట్టేసినప్పుడు మొదలైన ట్రమడాల్ అనే నొప్పి మాత్ర, నొప్పి తగ్గినాక కూడా నన్ను వదల్లేదు. 2018లో దాన్ని మత్తుమందుల్ని కట్టడి చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చినాక చీటీ లేకుండా దొరకడం కష్టమైంది. పూట తప్పితే ఆవులింతలు, ముక్కు కారడం, కాళ్ళు పీకడం, విరేచనాలు. ఇంట్లోవాళ్ళు వడదెబ్బనుకున్నారు.

అనంతపురంలో మానసిక వైద్యురాలు బూప్రెనార్ఫిన్, నలాక్సోన్ కలిసిన మాత్ర రాసినారు. నాలుక కింద పెట్టుకోవాలి. అది కూడా మెదడులో ట్రమడాల్ పట్టుకునే చోటునే, దాన్ని పక్కకు నెట్టి గట్టిగా పట్టుకుంటుంది, కానీ కొంతవరకే పనిచేస్తుంది. అందుకే ఒళ్ళు బాగా పీకడం మొదలయ్యేదాకా మొదటి మాత్ర ఇవ్వలేదు. తొందరపడితే ఆ బాధలన్నీ ఒక్కసారిగా మీదపడతాయంట. దుప్పటి కప్పుకుని బెంచీ మీద వణుకుతూనే అడిగినాను, "నాకు పనిచేస్తుందా మేడం?"

"ముందే చెప్పలేనప్పా. కొన్ని గుర్తులు మాత్రం ఉంటాయి" అన్నారు. మాత్రలు మింగినావా, సూదితో ఎక్కించుకున్నావా? నొప్పికే మొదలుపెట్టినావా? ఎప్పుడైనా బాగా కుంగిపోయినావా? నాయన పోయినప్పటి సంగతి చెప్పినాను. అది నాకు చెడ్డ గుర్తని భయపడినా. కానీ నొప్పి మాత్రలకు అలవాటైన 653 మందితో అమెరికాలో చేసి, 2011లో వెలువరించిన అధ్యయనంలో, ఒకప్పుడు డిప్రెషన్ వచ్చినవాళ్ళకే మందు ఎక్కువగా పనిచేసిందంట. ఇది విన్నాక నాకు ఎంత ధైర్యం వచ్చిందో!

అన్నిటికంటే మొదటి రెండు వారాలు ముఖ్యమన్నారు. ఆ రెండు వారాల్లోనూ పాత మాత్ర మానలేనివాళ్ళకు తర్వాత మేలు జరగడం అరుదు. అట్లాంటివాళ్ళను వదిలేయరు, మోతాదో పద్ధతో మారుస్తారు. ప్రతి మూత్ర పరీక్షకూ నా గుండె దడదడలాడేది. రెండు వారాలూ శుభ్రంగానే వచ్చింది.

నిద్ర పట్టింది, ఆకలైంది, మళ్ళీ పనికి పోయినాను. అప్పుడు మొదలుపెట్టినాడు మా బామ్మర్ది: "ఇంకా ఎన్నాళ్ళు బావా ఆ మాత్ర? బాగయినావు గదా, మానేయి." వాని ప్రేమ నాకు తెలుసు. కానీ అదే అధ్యయనంలో, 12 వారాలు మందు మీద ఉన్నప్పుడు దాదాపు సగం మంది బాగుంటే, మాన్పించిన 8 వారాలకు అట్లా మిగిలింది 8.6 శాతమే. మనవాళ్ళు మానేయమని తొందరపెట్టేది సరిగ్గా మనిషి నిలదొక్కుకునేటప్పుడే. నాకు దానిమీద చాలా కోపం.

బామ్మర్దిని పోయినసారి మేడం దగ్గరికి వెంటబెట్టుకుపోయినాను. వాడడగాల్సినవన్నీ అడిగినాడు. మాత్ర కొనసాగుతోంది.